ఆటోమేటిక్ కారు గేర్ ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా

మొన్న రోహిణి కార్తెలో మా బావ ఇంటి ముందు కారు వెనక్కి తీస్తుంటే నేను పక్క సీట్లో ఉన్నాను. గేరు ఆర్‌లోకి వేశాడు. కారు కదల్లేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత సేపు అలాగే నిలబడి, ముందు నుంచి ఎవరో తోసినట్టు టక్కుమని వెనక్కి కదిలింది.

"ఎప్పటి నుంచి ఇట్టా ఉంది బావా?"

"కొన్నకాడి నుంచి ఇంతే. ఆటోమేటిక్ బండ్లన్నీ ఇట్టానే ఉంటాయి గదా."

ఉండవు. బానెట్ ఎత్తి, గేర్‌బాక్స్ గేజ్, అంటే ఆయిల్ మట్టం చూసే ఊచ, పైకి లాగి, దాని కొస నుంచి ఒక చుక్క తెల్ల కాగితం మీద పెట్టాం. కొత్తగా ఉన్నప్పుడు దానిమ్మ రసంలా ఎర్రగా మెరిసే ఆయిల్ అది. కాగితం మీద పడింది మాత్రం కాఫీ డికాషన్ లాగా ఉంది. చుక్క నడుమ సన్నటి నల్ల నలుసులు ఆగిపోయాయి, చుట్టూ గోధుమ రంగు వలయం పాకింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన పోపు వాసన. మీటర్ మీద 96 వేల కిలోమీటర్లు. పాత బిల్లులన్నీ తిరగేశాం. గేర్ ఆయిల్ మార్చినట్టు ఒక్క కాగితం లేదు.

దాన్ని ఇంటి దగ్గరే మూడు విడతలుగా మార్చాం. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. మొదలుపెట్టే ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ఇంటి దగ్గర చేసే పనిలో గేర్‌బాక్స్‌ను పాడుచేసేవి ముఖ్యంగా రెండు: వేరే రకం ఆయిల్ పోయడం, పోసింది ఎక్కువో తక్కువో కావడం. ఈ రెండూ సరిగ్గా చూసుకుంటే మిగతాదంతా ఓపికతో అయ్యే పని.

అసలు ఎందుకు మార్చాలి

మాన్యువల్ కారులో గేర్ ఆయిల్ పళ్ళచక్రాలు అరగకుండా చూస్తుంది. ఆటోమేటిక్‌లో దాని మీద ఇంకా చాలా బరువుంది. ఇంజిన్ తిప్పే శక్తి టార్క్ కన్వర్టర్‌లో ఈ ఆయిల్ ద్వారానే గేర్‌బాక్స్‌కు చేరుతుంది. గేరు మారినప్పుడల్లా లోపలి క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టేది ఈ ఆయిల్ ప్రెషరే. లోపల పుట్టే వేడిని మోసుకెళ్ళి కూలర్‌లో దించేదీ ఇదే. ఇన్ని పనులు చేసే ఆయిల్ నీరసపడితే, దాని బాధ ముందు గేరు పడటంలో తెలుస్తుంది.

నీరసపడటానికి పెద్ద కారణం వేడి. ఆయిల్ సుమారు 80 డిగ్రీలు దాటాక, ఆ పైన పెరిగే ప్రతి పది పదకొండు డిగ్రీలకు దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని మెకానిక్కులు వాడే మోటు లెక్క ఒకటుంది. ఇప్పుడు మన వాడకం ఆలోచించండి. మే నెల ఎండలో ఏసీ వేసుకుని నెల్లూరు ట్రంకు రోడ్డులో అంగుళం అంగుళం కదలడం, చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల వెనక ఆ దుమ్ములో పాక్కుంటూ పోవడం, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరుమల ఘాట్ ఎక్కడం. కారుతో వచ్చే మాన్యువల్ పుస్తకాల్లో వెనక పేజీల్లో కఠిన వాడకానికి వేరే పట్టిక ఉంటుంది. ఎక్కువ వేడి, దుమ్ము, ఆగి ఆగి నడపడం, కొండ దారులు అని అందులో రాసి ఉన్నవన్నీ మన రోజువారీ తిరుగుళ్ళే. ఆ పట్టిక చూడకుండా మామూలు వాడకం పట్టిక ఒక్కటే చూసి "లైఫ్‌టైమ్ ఆయిలంట, మార్చనక్కర్లేదంట" అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. మాన్యువల్ ఏమీ చెప్పకపోతే, మన ఎండలకు నేనైతే 40 వేల కిలోమీటర్లకు ఒకసారి మారుస్తాను.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. గేర్లు ఇప్పటికే జారిపోతుంటే, అంటే ఇంజిన్ రేజ్ అవుతున్నా కారు ముందుకు పోకపోతే, లోపల క్లచ్ ప్లేట్లు అరిగిపోయినట్టే. కొత్త ఆయిల్ పోస్తే ప్లేట్లు తిరిగి రావు. ఆ కారును ముందు గేర్‌బాక్సులు విప్పి చూసే మెకానిక్‌కు చూపించండి.

మీ కారులో ఉన్నది ఏ గేర్‌బాక్స్

క్లచ్ పెడల్ లేనివన్నీ ఒకటే జాతి అనుకోకండి. చిన్న కార్లలో వచ్చే ఏఎంటీ లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం ఒక యంత్రం చేస్తుంది. మారుతి వాళ్ళు ఏజీఎస్ అని పిలిచేది ఇదే. ఈ వ్యాసంలో చెప్పే ఆయిల్ దాని గేర్‌బాక్స్‌కు పనికిరాదు. డ్యూయల్ క్లచ్ బండ్లు, అంటే డీఎస్‌జీ, డీసీటీ అని పేరున్నవి, వాటి లోపలి ఏర్పాటు వేరు. వాటిని ఇంటి దగ్గర ముట్టుకోవద్దని నా సలహా. సీవీటీ, అంటే విడివిడి గేర్ల బదులు బెల్టు, పుల్లీలతో నడిచేది అయితే పని దాదాపు ఇదే కానీ ఆయిల్ పూర్తిగా వేరు. ఇక్కడ నేను చెప్పేది ముఖ్యంగా టార్క్ కన్వర్టర్ ఉన్న మామూలు ఆటోమేటిక్ గురించి.

ఆయిల్ పేరు మాన్యువల్‌లో అక్షరాలా రాసి ఉంటుంది, చాలా కార్లలో గేజ్ మీద కూడా చెక్కి ఉంటుంది. పాత హోండా ఆటోమేటిక్‌లకు మొదట్లో జెడ్1, తర్వాత దాని స్థానంలో డీడబ్ల్యూ-1 వచ్చింది. హోండా కొత్త సీవీటీలకు హెచ్‌సీఎఫ్-2. హ్యుందాయ్ 4 గేర్ల వాటికి ఎస్పీ-3, 6 గేర్ల వాటికి ఎస్పీ-4. ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్‌కు డబ్ల్యూఎస్. పేర్లు ఇంత దగ్గరగా ఉన్నాయి గనక ఒకటి బదులు ఇంకొకటి పోయొచ్చని అనుకోవద్దు. క్లచ్ ప్లేట్లు ఎంత పట్టుతో, ఎంత మెత్తగా కలుసుకోవాలో ఆ ఆయిల్‌లో కలిపే మందులు నిర్ణయిస్తాయి. సీవీటీలో మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే లోపలి బెల్టు జారి, పుల్లీల మీద గీతలు పడతాయి. ఆ గేర్‌బాక్స్ మళ్ళీ మామూలు మనిషి కాదు. అన్ని కార్లకూ సరిపోతుందని డబ్బా మీద రాసినవాటి జోలికి నేను పోను. కారు కంపెనీ పార్టుల కౌంటర్‌కు వెళ్ళి, సీలు చూసి, తయారీ తేదీ చూసి, బిల్లు తీసుకుని కొనండి. అక్కడే డ్రెయిన్ బోల్టుకు, అంటే ఆయిల్ దించడానికి కింద ఉండే బోల్టుకు, కొత్త వాషర్ కూడా అడగండి. అది చిన్న అల్యూమినియం రింగు, బిగించినప్పుడు నలిగి సందు మూసుకుంటుంది. ఒకసారి నలిగినది రెండోసారి సరిగ్గా నలగదు.

సామాను

చాలా హోండా ఆటోమేటిక్‌ల డ్రెయిన్ బోల్టుకు తల మీద చదరపు గుంట ఉంటుంది. 3/8 అంగుళాల రాట్చెట్ పానా మొన అందులో నేరుగా కూర్చుంటుంది, సాకెట్ అక్కర్లేదు. మీ కారుకు ఏ పానా పడుతుందో ముందే చూసుకోండి. ఇవి కాక ఒక జాకీ, రెండు గట్టి జాకీ స్టాండ్లు (నాలుగుంటే ఇంకా మేలు, గేజ్ లేని కార్లకు నాలుగూ కావాలి), అయిదారు లీటర్లు పట్టే వెడల్పాటి టబ్బు, పొడుగు మూతి గరాటు, బనీను గుడ్డలు, కళ్ళద్దాలు, చేతులకు రబ్బరు గ్లౌజులు, అరడజను ఖాళీ లీటరు నీళ్ళ బాటిళ్ళు. బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్ దొరికితే అద్దెకైనా తెచ్చుకోండి.

ఇంకొకటి తాపీమేస్త్రీ దగ్గర అడిగి తెచ్చుకోండి. ఇల్లు కట్టేటప్పుడు నీళ్ళు పోసి మట్టం చూసే సన్నటి తెల్ల ట్యూబు. దీనితో కారు మట్టంగా నిలబడిందో లేదో తేలుతుంది. ట్యూబులో నీళ్ళు పోసి ఒక కొస ముందు తలుపు కింది అంచు దగ్గర, ఇంకో కొస వెనక చక్రం ముందు అదే అంచు దగ్గర పట్టుకుంటే, రెండు వైపులా నీళ్ళు అంచుకు ఎంత ఎత్తులో ఉన్నాయో కళ్ళకు కనిపిస్తుంది. కారు తయారైనప్పుడే ఆ అంచు కాస్త వంపుగా ఉండొచ్చు. అందుకే చక్రాల మీద, చదును నేల మీద ఉన్నప్పుడు ఒకసారి కొలిచి రాసిపెట్టుకుని, లేపాక అదే లెక్క వస్తోందా చూడాలి. కొత్త ట్యూబు ముక్క ఒకటి కొనుక్కుంటే ఆయిల్ పోయడానికి గరాటుకు తగిలించుకోవచ్చు. నీళ్ళు పోసిన ట్యూబును మాత్రం ఆయిల్‌కు వాడొద్దు. గేర్‌బాక్స్‌లోకి నీళ్ళు పోతే క్లచ్ ప్లేట్ల మీది పొర ఊడొస్తుంది.

కారు లేపడం

నేల విషయంలో మన ఇళ్ళకు ఒక ఇబ్బంది ఉంది. వాకిట్లో కడప బండలు పరిచి ఉంటే, స్టాండు కాలు నేరుగా బండ మీద పెట్టకండి. కింద మట్టి గుల్లగా ఉన్నచోట బండ ఫెళ్ళుమని పగులుతుంది. ఇసుక నేల అయితే జాకీ కూరుకుపోతుంది. రెండు చోట్లా ఒకటిన్నర అంగుళం మందం ఉన్న గట్టి చెక్క పలక వేసి దాని మీద నిలబెట్టండి. సిమెంటు నేల దొరికితే అన్నిటికన్నా మంచిది.

హ్యాండ్ బ్రేక్ లాగి, గేరు పీలో పెట్టి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు అడ్డం పెట్టండి. జాకీతో లేపాక, కంపెనీ చూపించిన చోటుల్లోనే స్టాండ్లు పెట్టి, కారు బరువును వాటి మీదికి దించండి. తర్వాత కారును చేత్తో గట్టిగా ఊపి చూడండి. అప్పుడు గనక కదిలితే మీరింకా కిందికి వెళ్ళలేదు, సంతోషించండి. ఒక్క జాకీ మీద నిలబెట్టిన కారు కిందకు అర నిమిషం కోసం కూడా తల పెట్టకండి. స్టాండ్ల బదులు ఇటుకలు పేర్చకండి. ఇటుక ఎలాంటి సూచనా లేకుండా చిట్లిపోతుంది. ఇంట్లో ఎవరో ఒకరు పక్కనే ఉండేలా చూసుకోండి. ఈ పేరాలో చెప్పినవన్నీ మీ ఇంట్లో కుదరకపోతే, కారును షెడ్డుకు తీసుకెళ్ళి, మీ ఆయిల్ మీరే ఇచ్చి, దగ్గరుండి చేయించుకోండి. అందులో తప్పేమీ లేదు.

దించడం

కారు లేపకముందే దాన్ని పది నిమిషాలు తిప్పి రండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే నలుసులతో సహా ధారగా దిగుతుంది. గంటసేపు హైవే మీద నడిపి వచ్చి వెంటనే విప్పితే మాత్రం చేయి బొబ్బలెక్కుతుంది. హైవే నుంచి వస్తే ఒక గంట ఆగండి.

కిందికి వెళ్ళేముందు ఆయిల్ పోసే దారి తెరుచుకుంటుందో లేదో చూడాలి. గేజ్ రంధ్రంలోంచి పోసేదైతే గేజ్ లాగి చూడండి. పోసే బోల్టు వేరుగా ఉంటే దాన్ని ముందే వదులు చేయండి. కింద బోల్టు తీసి ఆయిలంతా దించేశాక పైబోల్టు తుప్పు పట్టి కదలకపోతే, కారు వాకిట్లో చిక్కుకుపోతుంది. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. రెండు రోజులు తుప్పు వదిలే నూనె కొడుతూ కూర్చున్నాను. అప్పటి నుంచి పై బోల్టు చేతిలోకి వచ్చాకే కింద బోల్టు ముట్టుకుంటాను.

ఇప్పుడు కింద బోల్టు. ఇక్కడ నిదానంగా చూడండి. ఇంజిన్ ఆయిల్ బోల్టు, గేర్‌బాక్స్ బోల్టు రెండూ కిందే, ఒకదానికొకటి జానెడు మూరెడు దూరంలో ఉంటాయి. మా పక్క వీధిలో ఒకాయన ఇంజిన్ ఆయిల్ మార్చమని కారు ఒక షెడ్డులో ఇచ్చాడు. అక్కడ పొరపాటున గేర్‌బాక్స్ ఆయిల్ దించేసి, ఇంజిన్‌లో పాత ఆయిల్ మీదే కొత్తది పోశారు. ఇంజిన్‌లో రెండింతల ఆయిల్, గేర్‌బాక్స్‌లో ఉండాల్సినంత లేదు. మూడు కిలోమీటర్లు పోయాక కారు రోడ్డు మీద ఆగిపోయింది, గేరు ఏదీ పట్టలేదు. కాబట్టి మాన్యువల్‌లో బొమ్మ చూసి, ఆయిల్ ఫిల్టర్ ఎక్కడుందో చూసి, దాని పక్కన ఉన్నది ఇంజిన్‌దని గుర్తు పెట్టుకోండి. ధార మొదలవగానే రంగు చూడండి. నల్లగా, పలచగా వస్తే ఇంజిన్ ఆయిల్ అయి ఉండొచ్చు, వెంటనే బోల్టు పెట్టేయండి. అన్ని గేర్‌బాక్స్ ఆయిళ్ళూ ఎర్రగా ఉండవు, కొన్ని సీవీటీ ఆయిళ్ళు ఆకుపచ్చగానో నీలంగానో ఉంటాయి. అందుకని రంగు ఒక్కటే నమ్ముకోవద్దు.

టబ్బు కింద పెట్టి, బోల్టును రాట్చెట్‌తో వదులు చేసి, చివరి చుట్లు వేళ్ళతో లోపలికి నొక్కుతూ తిప్పి, ఒక్కసారిగా పక్కకు లాగండి. ధార మొదట మూరెడు దూరం ఎగిరి పడుతుంది, తర్వాత నేరుగా కిందికి వస్తుంది. పదిహేను ఇరవై నిమిషాలు చుక్కలు ఆగేదాకా వదిలేయండి.

ఈలోగా బోల్టు చేతిలోకి తీసుకుని చూడండి. చాలా వాటికి లోపలి కొసన అయస్కాంతం ఉంటుంది. మా బావ కారు బోల్టుకు కాటుకలాంటి నల్లటి ముద్ద, వేలి గోరంత మందాన పట్టి ఉంది. వేళ్ళ మధ్య నలిపితే గరగర లేకుండా మెత్తగా జారిపోయింది. అది మామూలు అరుగుదల, భయపడాల్సింది లేదు. అదే నలుపులో వెండిలా మెరిసే పొరలో, వేలికి గుచ్చుకునే ముక్కలో దొరికితే, లోపల ఏదో విరుగుతోంది. అలాంటప్పుడు ఆ ముక్కలు కాగితంలో పొట్లం కట్టి దాచండి, మెకానిక్‌కు అవే చెప్పాల్సినదంతా చెబుతాయి. బోల్టును బనీను గుడ్డతో శుభ్రంగా తుడిచి, కొత్త వాషర్ వేసి, ముందు చేత్తో తిప్పి, సాఫీగా పోయాక బిగించండి. హోండా డ్రెయిన్ బోల్టుకు 49 న్యూటన్ మీటర్లు. మీ కారు లెక్క వేరైతే దాన్నే పట్టుకోండి. గేర్‌బాక్స్ అల్యూమినియంది, బోల్టు ఇనుముది. బలం చూపిస్తే మర చెడేది గేర్‌బాక్స్‌దే.

గేర్‌బాక్స్ అడుగున రేకు విప్పి ఫిల్టర్ మార్చే కార్లు కొన్ని ఉన్నాయి. డజను చిన్న బోల్టులు, కొత్త గాస్కెట్, ఒక్కో బోల్టుకు సమానమైన బిగువు కావాలి. మొదటిసారికి దాని జోలికి పోకండి. దించి పోయడం రెండు మూడు సార్లు చేసి చేయి అలవాటయ్యాక చూద్దురుగాని.

కొలవడం, పోయడం

టబ్బులో ఉన్న పాత ఆయిల్‌ను పారబోయకండి. ఎంత దిగిందో అంతే పోయాలి, ఆ లెక్క చెప్పేది అదొక్కటే. చల్లారేదాకా ఆగి, లీటరు బాటిళ్ళలోకి గరాటుతో నింపండి. చల్లారేదాకా అని ఎందుకన్నానంటే, వేడికి ఆయిల్ ఉబ్బుతుంది. రెండున్నర లీటర్ల ఆయిల్ 60 డిగ్రీల వేడిలో కొలిస్తే, 30 డిగ్రీల దగ్గర కొలిచినదానికన్నా అర టీ గ్లాసు ఎక్కువ చూపిస్తుంది. చివరి బాటిల్‌లో ఎక్కడిదాకా వచ్చిందో మార్కర్‌తో గీత పెట్టండి. అవే రకం ఖాళీ బాటిళ్ళు పక్కన పెట్టుకుని, కొత్త ఆయిల్‌ను అదే లెక్కకు, అదే గీతకు నింపుకోండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన ఎండ వెలుతురులో పెట్టి చూస్తే, ఇన్నాళ్ళు కారు ఏది మోసుకుని తిరిగిందో అర్థమవుతుంది. మా బావ ఆ రెండు బాటిళ్ళ ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాడు.

ఒకవేళ ముందే గేజ్ మీద మట్టం తక్కువగా ఉండి ఉంటే, ఆ తక్కువను కూడా కలుపుకోవాలి. అందుకే దించే ముందు గేజ్ చూసి రాసుకోవడం మరువకండి.

గరాటుకు శుభ్రమైన ట్యూబు తగిలించి మెల్లగా పోయండి. గాలి బయటకు రావడానికి సమయం కావాలి, తొందరపడితే పొంగి ఇంజిన్ మీద పడుతుంది. మొత్తం పోశాక బోల్టులన్నీ బిగించి, కారును కిందికి దించి ఇంజిన్ స్టార్ట్ చేయండి. బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుని గేరును పీ నుంచి ఆర్, ఎన్, డీ, మళ్ళీ వెనక్కి, ఒక్కోదాంట్లో అయిదారు సెకన్లు ఉంచుతూ మూడు నాలుగు సార్లు తిప్పండి. కొత్త ఆయిల్ లోపలి సందులన్నిటికీ చేరుతుంది.

మట్టం చూడటం

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. గేజ్ ఉన్న కార్లలో కూడా పద్ధతి ఒకటి కాదు. హోండాలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగాక, ఇంజిన్ ఆపేసి, నిమిషం ఆగి, నిమిషంన్నర దాటకుండా గేజ్ చూడాలి. ఇంకా చాలా కంపెనీలు ఇంజిన్ తిరుగుతుండగానే చూడమంటాయి. హోండా పద్ధతి వేరే కారుకు వాడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, మీరు తక్కువ పోస్తారు. మీ కారు మాన్యువల్‌లో ఏది రాస్తే అదే చేయండి. గేజ్ లాగి, పోగులు ఊడని గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి తీసి, రెండు గీతల మధ్య ఉందా చూడండి.

తక్కువైతే పంపు ఆయిల్‌తో పాటు గాలి పీల్చి, ప్రెషర్ పడిపోయి, గేర్లు జారతాయి. ఎక్కువైతే తిరిగే చక్రాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. ఆ నురగలోనూ గాలే ఉంటుంది గనక ఫలితం ఒక్కటే, మళ్ళీ జారడమే. ఎక్కువ ఉంటే నష్టమేముందిలే అనుకోవద్దు. సన్నటి ట్యూబు, సిరంజితో పీల్చి గీతకు తెచ్చేయండి.

గేజ్ అసలే లేని కార్లున్నాయి. ఇన్నోవా క్రిస్టా లాంటి వాటిలో కింద ఒక ఓవర్‌ఫ్లో బోల్టు ఉంటుంది. ఆయిల్ నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు, ఇంజిన్ తిరుగుతుండగా ఆ బోల్టు తీస్తే, ఎక్కువ ఉన్నది సన్న ధారగా కారి, చుక్కలు చుక్కలుగా మారి ఆగుతుంది. ఆగిన చోటే సరైన మట్టం. చాలా టయోటాలకు ఆ వేడి 40 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. దీన్ని చూడటానికి కారు కంప్యూటర్‌లోని లెక్కలు చదివి ఫోన్‌లో చూపించే ఓబీడీ స్కానర్ కావాలి, కారు నాలుగు చక్రాలూ లేచి మట్టంగా ఉండాలి. మేస్త్రీ ట్యూబు అక్కరకొచ్చేది ఇక్కడే.

ఇందులో మన ఊళ్ళకు ఒక చిక్కుంది. ఎండాకాలం మధ్యాహ్నం నీడలో నిలబెట్టిన కారులోనే ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి గేర్లు తిప్పేసరికి 50 దాటుతుంది. అప్పుడు బోల్టు తీస్తే ఉబ్బిన ఆయిల్ మామూలుకన్నా ఎక్కువ కారిపోతుంది. చల్లారాక చూస్తే గేర్‌బాక్స్‌లో తక్కువ ఉంటుంది, మీకది తెలిసే దారే ఉండదు. అందుకని ఓవర్‌ఫ్లో బోల్టు కార్లకు సంక్రాంతి దాటాక, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో ముహూర్తం పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫానులు, వాకిట్లో పని కుదరదు. ముందురోజు రాత్రే కారు లేపి పెట్టుకుని, తెల్లవారుజామున అయిదున్నరకు మొదలుపెడితే ఆయిల్ 25 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆ వేడికి చేరేదాకా తీరిగ్గా చూసుకోవడానికి సమయం చిక్కుతుంది. అలాంటి కారుకు ముందురోజే పాత ఆయిల్ దించి, పొద్దున్నే పోసి మట్టం చూసుకోవచ్చు.

ఎన్నిసార్లు

బోల్టు తీస్తే ఆయిలంతా రాదు. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్‌లో, వాల్వుల మధ్య సగానికి పైనే ఉండిపోతుంది. మొత్తం 6 లీటర్లు పట్టే గేర్‌బాక్స్‌లో రెండున్నర లీటర్లు దిగాయనుకోండి. ఒకసారి మారిస్తే నూటికి 42 పాళ్ళు కొత్తది. వారం పది రోజులు తిరిగి, కలిసిపోయాక మళ్ళీ మారిస్తే 66 పాళ్ళు. మూడోసారికి 80. చాలాకాలం మార్చని కారుకు మూడు విడతలు, ఎప్పటికప్పుడు మార్చే కారుకు ఒక్కసారి చాలు.

మెషిన్ పెట్టి ఆయిలంతా ఒకేసారి తోసేసే ఫ్లష్ పద్ధతి ఉంది. లక్ష కిలోమీటర్లు మార్చని కారుకు దాన్ని నేను చేయించను. అన్నేళ్ళుగా అడుగున పేరుకున్న మడ్డి ఒక్కసారిగా కదిలి సన్నటి వాల్వు దారుల్లో ఇరుక్కోవచ్చు. విడతలుగా మార్చడం నిదానమైన పని, అయినా గేర్‌బాక్స్‌కు అదే హాయి. మా బావ కారులో రెండో విడత తర్వాత ఆ టక్కుమనడం బాగా తగ్గింది. మూడో విడత తర్వాత ఆర్‌లో పడటానికి పట్టే సమయం సగమైంది. పూర్తిగా పోలేదు, 96 వేల కిలోమీటర్ల అరుగుదల ఆయిల్‌తో తిరిగి రాదు కదా. కానీ ఇప్పుడు మా అక్క కూడా భయం లేకుండా కారు వెనక్కి తీస్తోంది.

పాత ఆయిల్, చివరి చూపు

పాత ఆయిల్‌ను డ్రైనేజీలో పోయకండి. మన కాలువల్లో పోసింది చివరికి చెరువులకో, పొలాలకో, రొయ్యల గుంటలకో చేరుతుంది. వాడిన ఆయిల్‌ను 2016 నాటి కేంద్ర నిబంధనలు ప్రమాదకర వ్యర్థాల కిందే లెక్కగట్టాయి. మూతలు బిగించిన అవే బాటిళ్ళను పెద్ద షెడ్డుకు తీసుకెళ్ళి ఇస్తే, వాళ్ళు డ్రమ్ములో పోసుకుంటారు. నీళ్ళ బాటిళ్ళలో ఉంది గనక పిల్లలకు అందకుండా, పెద్దక్షరాలతో పేరు రాసి పెట్టండి. నేల మీద ఒలికితే నీళ్ళు పోసి కడగొద్దు. రైస్ మిల్లు ఊక రెండు దోసిళ్ళు చల్లి, గంట ఆగి ఊడ్చేయండి. పీల్చాల్సినంతా పీల్చేస్తుంది.

తేదీ, మీటర్ రీడింగ్, ఆయిల్ పేరు, ఎన్ని లీటర్లు పోశారో ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించండి. ఆ రాత్రి కారు కింద ఒక అట్టముక్క పరిచి ఉంచండి. పొద్దున్నే దాని మీద చుక్క కనిపిస్తే బోల్టును ఇంకా బలంగా తిప్పకండి. వాషర్ వంకరగా పడిందేమో, పాత వాషర్ గేర్‌బాక్స్‌కే అతుక్కుని ఉండిపోయి రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయేమో చూడండి. మా రెండో విడతలో కారింది అందువల్లే.